ప్రైవేటు హెల్త్ ఇన్సూరెన్సా, సర్కారు వైద్యమా? అమ్మానాయినల కోసం ఏది నమ్ముకోవాలి

గడియారం_సెంటర్ (నల్లగొండ)
అందరికీ నమస్తే. నల్లగొండలో జిరాక్స్, ఆన్‌లైన్ సర్వీసుల షాపు నాది. నాయినకు 62 ఏళ్లు, చాలా కాలంగా షుగర్, బీపీ ఉన్నాయి. అమ్మకు 57. ఊళ్లో వాళ్లిద్దరి పేరు మీద తెల్లకార్డు ఉంది. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలం టౌన్లో వేరే ఉంటున్నాం. మాకు కార్డు లేదు. షాపు లోన్ కోసం ఐటీ రిటర్నులు వేస్తున్నా కాబట్టి వస్తుందన్న ఆశ కూడా లేదు.

ఒక ఏజెంటు వచ్చి అమ్మానాయినలకు 10 లక్షల పాలసీ తీసుకోమన్నాడు. ఏడాదికి 50 వేల పైనే చెప్పాడు. షుగర్ సంగతి చెబితే ఇంకా పెరుగుతుందట. మా బావ ఇంగ్లండులో ఉంటాడు. ఫోన్లో ఈ మాట చెప్తే నవ్విండు. "ఇక్కడ ఆసుపత్రికి పోతే ఎవడూ పైసా అడగడు, మీరు కంపెనీలకు ఎందుకు పోస్తున్నరు" అన్నాడు. కార్డు ఉంది కదా, ఆరోగ్యశ్రీ చాలదా అని నా భార్య అంటోంది. అయినా టెన్షన్ పోవట్లేదు. రేపు ఏదన్నా అయితే ఏది పనికొస్తుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. పాలసీ అమ్మేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పి రాయండి.

ధీమా_బీమా (మిర్యాలగూడ)
ముందే చెప్తున్నా తమ్ముడూ, నేను ఏజెంటునే. అయినా కొన్ని విషయాలు నువ్వు తెలుసుకోవాలి.

షుగర్ దాచి పాలసీ తీసుకోవద్దు. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం ముందునుంచీ ఉన్న జబ్బుకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి. 2024కు ముందు అది నాలుగేళ్లు. ఆ తర్వాత షుగర్ వల్ల వచ్చే సమస్యలకు కూడా కంపెనీ ఇవ్వాల్సిందే. పాలసీ ఆపకుండా ఐదేళ్లు కడితే, "నువ్వు అప్పుడు ఫలానాది చెప్పలేదు" అని క్లెయిమ్ కొట్టేయడం కుదరదు, మోసం రుజువైతే తప్ప. ఇంతకు ముందు 65 దాటితే చాలా కంపెనీలు కొత్త పాలసీ ఇచ్చేవి కావు, ఆ హద్దు కూడా తీసేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పోయింది. నీకు చెప్పిన రేటులో జీఎస్టీ కలిపి ఉందేమో అడుగు.

ఇక మీ బావ మాట. ఇంగ్లండులో పైసా అడగరంటే అక్కడ జీతంలోంచి ముందే కోసుకుంటారు. ఊరికే వచ్చేదేమీ లేదు.

హెల్ప్‌డెస్క్_అక్క (మహబూబ్‌నగర్)
నేను ఆరోగ్యశ్రీ కింద వైద్యం చేసే నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రగా, అంటే కార్డుతో వచ్చే రోగులకు సాయం చేసే ఉద్యోగిగా పనిచేశాను. ఇప్పుడు మానేశాను కాబట్టి నిర్మొహమాటంగా రాస్తా.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్లో మొదట మూడు జిల్లాల్లోనే వచ్చింది. అందులో మన మహబూబ్‌నగర్ ఒకటి, మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. అప్పుడు ప్రభుత్వమే ప్రీమియం కట్టి ఇన్సూరెన్సు కంపెనీ ద్వారా నడిపింది. తర్వాత కంపెనీని పక్కన పెట్టి ప్రభుత్వ ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా ఆసుపత్రులకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ తేడా ముఖ్యం. కంపెనీకి క్లెయిమ్ తగ్గితే లాభం. ట్రస్టుకు అలాంటి లాభం లేదు, కానీ ఖజానాలో డబ్బు ఎప్పుడు విడుదలైతే అప్పుడే ఆసుపత్రికి అందుతుంది. ఇప్పుడు కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు, 2023 డిసెంబరు 9 నుంచి.

కాగితం మీద 10 లక్షలు మంచి మొత్తమే. కానీ తమ్ముడూ, అది జాబితాలో ఉన్న చికిత్సలకే. గుండె ఆపరేషన్, క్యాన్సర్, డయాలసిస్, యాక్సిడెంట్లు, పెద్ద సర్జరీలు అన్నీ ఉన్నాయి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం గొడవలు ఎక్కడంటే, "కార్డు ఉంది కదా, ఈ స్కానింగ్ ఎందుకు ఫ్రీ కాదు" అని. డాక్టరు అడ్మిట్ చేసి, అప్రూవల్ వచ్చి, ప్యాకేజీలో (ఒక్కో చికిత్సకు ట్రస్టు కట్టిన రేటు) పడితేనే ఫ్రీ. బయట తిరిగి చేయించుకున్న టెస్టులు, నెలనెలా మాత్రలు, మామూలు జ్వరం, ఇవన్నీ నీ జేబులోంచే.

ఇంకో సంగతి. ప్యాకేజీ రేటు చాలదనుకునే ఆసుపత్రి "బెడ్లు ఖాళీ లేవు" అంటుంది. లేదా ఇది ప్యాకేజీలో రాదని పక్కకు తీసుకెళ్లి నగదు అడుగుతుంది. అలా అడిగితే 104కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు కట్టాక రసీదు లేకుండా వస్తే ఎవరూ ఏమీ చేయలేరు. బకాయిలు పేరుకుపోయి ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపిన రోజులూ ఉన్నాయి. 2025లో అందరం చూశాం. అలాంటి వారంలో గుండెనొప్పి వస్తే గాంధీ, ఉస్మానియా, నిమ్స్ దిక్కు పరిగెత్తాల్సిందే.

జై_పాలమూరు (నారాయణపేట)
ఆరోగ్యశ్రీ తెచ్చింది ఎవరు, ముంచింది ఎవరు అన్నది కూడా రాయండి అక్కా. అందరికీ తెలియాలి.

నిర్వాహకుడు
పార్టీల గొడవ వేరే శీర్షికలో పెట్టుకోండి. దీని కింద వచ్చిన మూడు వ్యాఖ్యలు తీసేశాను.

లీడ్స్_నకిరేకల్ (ఇంగ్లండు)
మా ఊరు నకిరేకల్ దగ్గర, ఇక్కడ లీడ్స్‌లో ఉంటున్నాను. గడియారం అన్నా, మీ బావ చెప్పింది నిజమే కానీ సగమే చెప్పాడు.

ఇక్కడి సర్కారు వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ 1948 జూలై 5న మొదలైంది. యుద్ధం అయిపోయి దేశం అప్పుల్లో ఉన్నప్పుడు పెట్టారు, అది గుర్తుంచుకోవాలి. డబ్బు ఎక్కువ భాగం పన్నుల నుంచి వస్తుంది. మొదట ఇంటి దగ్గరి జీపీ అనే డాక్టర్ దగ్గర పేరు రాయించుకోవాలి. ఏ జబ్బయినా ముందు ఆయనకే చూపించుకోవాలి. ఆయన రాసిస్తేనే స్పెషలిస్టు. మనలాగా పొద్దున కడుపునొప్పి వస్తే సాయంత్రానికి గ్యాస్ట్రో డాక్టర్ ముందు కూర్చోవడం ఇక్కడ కుదరదు. నా భార్యకు ఇక్కడే కాన్పయింది. సిజేరియన్, ఆసుపత్రిలో ఉన్న రోజులు, తర్వాత మంత్రసాని ఇంటికి వచ్చి బిడ్డ బరువు చూసి పోవడం, దేనికీ బిల్లు లేదు. బిల్లు కౌంటరు అన్నదే కనబడలేదు. ఊళ్లో ఈ మాట చెప్తే అమ్మ నమ్మలేదు.

ఇక రెండో సగం. అత్యవసరం కాని ఆపరేషన్‌కు 18 వారాల లోపు పిలవాలన్నది నియమం. ఇంగ్లండులో 2016 తర్వాత ఆ లక్ష్యాన్ని చేరుకోలేదు. ఎదురుచూసే జాబితాలో 70 లక్షలకు పైగా కేసులున్నాయి. మోకాలి చిప్ప మార్పిడి, కంటి శుక్లం లాంటివాటికి నెలల తరబడి నొప్పితోనే ఉండాలి. పళ్ల డాక్టరుకు డబ్బు కట్టాలి. ఇంగ్లండులో మందుల చీటీకి ఒక్కో మందుకు 9.90 పౌండ్లు, స్కాట్లండు, వేల్సులో అదీ లేదు. వీసా మీద వచ్చిన మాలాంటివాళ్లు పన్నులు కాక, హెల్త్ సర్‌చార్జి అని పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, వీసా ఎన్నేళ్లకైతే అన్నేళ్లదీ ముందే కట్టాలి.

అన్నిటికన్నా ముఖ్యం, మీ నాయిన చూడటానికి వస్తే ఆయనకు ఇది వర్తించదు. ఎమర్జెన్సీ గదిలో చూడటం ఫ్రీ, కానీ లోపల అడ్మిట్ చేసుకుంటే విజిటర్ల దగ్గర మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. అందరికీ వైద్యం అంటే అక్కడి నివాసులందరికీ అని. అందుకే మా అమ్మ వచ్చినప్పుడు నేను ప్రైవేటు ట్రావెల్ ఇన్సూరెన్సు తీసుకున్నా.

కోదాడ_టు_డాలస్ (అమెరికా)
లీడ్స్ తమ్మీ, నువ్వు క్యూ గురించి బాధపడుతున్నావు. మాకు క్యూ తక్కువే, బిల్లు ఎక్కువ.

ఇక్కడ పని చేసే వయసులో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఇన్సూరెన్సు వాళ్లు పనిచేసే కంపెనీ ద్వారానే వస్తుంది. 65 దాటితే మెడికేర్, పేదలకు మెడికెయిడ్, రెండూ 1965లో పెట్టారు. మధ్యలో ఉన్న మాకు కార్డు ఉన్నా పని అయిపోదు. నా పాలసీలో ఏడాదికి మొదటి 3,000 డాలర్లు నేనే కట్టుకోవాలి, దాన్ని డిడక్టిబుల్ అంటారు. ఆ తర్వాత కూడా 20 శాతం నాదే, ఒక హద్దు దాకా. ప్రతి నెలా జీతంలో ప్రీమియం పోతుంది. ఇంత కట్టినా డాక్టరు నెట్‌వర్క్‌లో ఉన్నాడా లేదా అని నేనే చూసుకోవాలి. మా బాబుకు చెయ్యి విరిగితే కట్టు కట్టినందుకు ఒకటి, ఎక్స్‌రే చూసిన డాక్టరుకు ఒకటి, ఆసుపత్రికి ఒకటి, ఇలా వేర్వేరు బిల్లులు నెలల తరబడి ఇంటికి వచ్చాయి.

ఉద్యోగం పోయిందంటే ఇన్సూరెన్సు కూడా పోయినట్టే. 18 నెలల దాకా అదే పాలసీ కొనసాగించుకునే హక్కు ఉంది, కానీ కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి. జీతం లేని రోజుల్లో అది ఎక్కడి నుంచి తేవాలి? లేఆఫ్ అనగానే ఇక్కడి మనవాళ్లకు వీసా తర్వాత వచ్చే భయం ఇదే.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. 2010లో చేసిన చట్టం వల్ల 2014 నుంచి పాత జబ్బు ఉందని పాలసీ నిరాకరించడం లేదా ఎక్కువ ప్రీమియం వేయడం ఇక్కడ కుదరదు. షుగర్ ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే రేటు. ప్రైవేటు ఇన్సూరెన్సులో కూడా ప్రభుత్వం గట్టిగా అనుకుంటే ఇది చేయించొచ్చు. అలా చేశాక కూడా ఈ దేశం తన ఆదాయంలో 17 శాతానికి పైగా వైద్యానికే ఖర్చు పెడుతోంది. ఇంగ్లండు ఇందులో మూడింట రెండు వంతులు కూడా పెట్టదు. అయినా ఇక్కడ రెండున్నర కోట్ల మందికి పైగా ఏ ఇన్సూరెన్సూ లేదు.

ఎర్రనేల (మర్రిగూడ)
అమెరికా, ఇంగ్లండు సంగతి అట్లుంచండి. మా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంకరపోయినవాళ్లకు ఏ పాలసీ ఏం చేసింది? పళ్లు పచ్చబడ్డయి, మోకాళ్లు వంగవు, నలభై ఏండ్లకే ముసలితనం. వంగిన ఎముకలన్నీ ఆపరేషన్‌తో సరికావు. ఇన్సూరెన్సు వాడు 24 గంటలు అడ్మిట్ అయితేనే అంటడు, ఆరోగ్యశ్రీ వాడు ప్యాకేజీలో చూడాలంటడు.

మాకు మందు అంటే మంచినీళ్లే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూర్ శాస్త్రవేత్తలు తయారుచేసి మా జిల్లా పేరే పెట్టిండ్రు, 'నల్గొండ టెక్నిక్' అని. దేశమంతా పుస్తకాల్లో చదువుతరు. ఊళ్లలో మాత్రం ఆ ప్లాంట్లు ఎక్కువ రోజులు నడవలేదు. కృష్ణా నీళ్లు నల్లాలో వచ్చినంకనే కొత్తగా పుట్టే పిల్లలకు తేడా కనబడ్డది. గది సర్కారు ఖర్చు. ఏ ప్రైవేటు కంపెనీకీ మా ఊరికి పైపు వేయాలన్న అవసరం ఎప్పుడూ రాదు. "ఎవడి ఆరోగ్యం వాడు కొనుక్కోవాలె" అనేటోళ్లు ఒకసారి మా దిక్కు వచ్చి చూడండి.

ధీమా_బీమా (మిర్యాలగూడ)
ఎర్రనేల అన్నా, నీళ్ల సంగతి ఒప్పుకుంటా. కానీ అది ప్రజారోగ్యం, వైద్యం కాదు. రేపు అదే ఊళ్లో ఒకాయనకు స్టెంట్ వేయాలంటే? అందరికీ ఫ్రీ అంటే వినడానికి బాగుంటుంది. మన దేశంలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఎంతమంది? పది మందిలో ఒకడు కూడా లేడు. ఇంగ్లండులో ఎక్కువమంది కడతారు కాబట్టి నడుస్తుంది. ఇక్కడ ఎవడు కడతాడు?

వనపర్తి_మాస్టారు (వనపర్తి)
పన్ను అంటే ఆదాయపు పన్నే కాదు నాయనా. సబ్బు కొన్నా, బండిలో పెట్రోలు పోసినా, కూలికి పోయేవాడు కూడా కడుతూనే ఉన్నాడు. నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ని, సాంఘికశాస్త్రం చెప్పాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తే ఏమీ అనుకోకండి.

మీరంతా రెండే దారులున్నట్టు మాట్లాడుతున్నారు, ఇంగ్లండు దారి, అమెరికా దారి అని. అందరికీ వైద్యం అన్నది ఒకే నమూనా కాదు. జర్మనీలో బిస్మార్క్ 1883లోనే కార్మికులకు ఆరోగ్య బీమా తప్పనిసరి చేశాడు. అక్కడ ఆసుపత్రులన్నీ సర్కారువి కావు. డబ్బు పన్నుగా కాదు, జీతంలో 14.6 శాతం, మీద కొంత అదనం, యజమాని, ఉద్యోగి చెరి సగం వేసుకుని బీమా నిధులకు కడతారు. ఆ నిధులు లాభం కోసం నడవవు, రోగి అని ఎవరినీ వద్దనవు. ప్రీమియం నీ జబ్బును బట్టి కాదు, జీతాన్ని బట్టి. జపాన్‌లో 1961 నుంచి అందరికీ బీమా ఉంది. రోగి మామూలుగా 30 శాతం కడతాడు, నెల ఖర్చు ఒక హద్దు దాటితే మిగతాది బీమాయే చూసుకుంటుంది.

అవన్నీ ధనిక దేశాలు అంటారేమో, థాయిలాండును చూడండి. 2002 నాటికి దేశమంతా ఒక పథకం కిందికి తెచ్చింది. వెళ్లినప్పుడల్లా 30 బాత్‌లు కడితే చాలు అని మొదలుపెట్టారు, అందుకే దానికి 30 బాత్‌ల పథకం అనే పేరు. వాళ్లు ముందు చేసిన పనేమిటంటే జిల్లా స్థాయి ఆసుపత్రులను, గ్రామాల్లో ఆరోగ్య కేంద్రాలను కట్టుకున్నారు. కార్డు తర్వాత పంచారు. మనం కార్డు ముందు పంచి, ఆసుపత్రిని ప్రైవేటువాడి దగ్గర వెతుక్కుంటున్నాం. ఏ పార్టీ వచ్చినా ఇదే జరిగింది, నిర్వాహకులు క్షమించాలి.

మన దగ్గర ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. స్వాతంత్ర్యానికి ముందే, 1946లో దేశ ఆరోగ్యం మీద వేసిన భోర్ కమిటీ చెప్పింది, డబ్బు కట్టలేకపోయినందువల్ల ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని. ఇంగ్లండులో ఎన్‌హెచ్‌ఎస్ రావడానికి రెండేళ్ల ముందు! ఇక లెక్కలు చూస్తే, 2013-14లో దేశంలో మొత్తం వైద్య ఖర్చులో 64.2 శాతం జనం జేబు నుంచి పోయేది. 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. తగ్గడం మంచిదే. కానీ అదే ఏడాది ప్రభుత్వాలన్నీ కలిసి ఆరోగ్యానికి పెట్టింది జీడీపీలో 1.84 శాతం. 2025కల్లా 2.5 శాతం చేస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నారు. రాసుకున్నది అక్కడే ఉంది.

దేవరకొండ_పత్తి (దేవరకొండ)
సార్, మీ పాఠం బాగుంది. నేను మాత్రం చేయి కాలినవాణ్ని, ఒక లెక్క చెప్తా. కంపెనీ పేరు రాయను.

నాకు 3 లక్షల పాలసీ ఉండేది. నా భార్యకు ఆపరేషన్ అయింది, హైదరాబాద్‌లో. బిల్లు 1,60,000. అందులో నాలుగు రోజుల రూము 24,000, రోజుకు 6,000. డాక్టరు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 80,000. మందులు, ఇంప్లాంటు 56,000. పాలసీ కాగితంలో రూము అద్దె రోజుకు 1 శాతం, అంటే 3,000 అని ఉంది. సరే, రూములో తేడా 12,000 మనం కట్టుకుంటే పోతుంది అనుకున్నాం. డిశ్చార్జి రోజు టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) వాళ్లు ఏమన్నారంటే, నువ్వు రెట్టింపు రూము తీసుకున్నావు కాబట్టి డాక్టరు ఫీజు, థియేటరు, నర్సింగు కూడా సగమే ఇస్తాం అని. మందులు, ఇంప్లాంటు మాత్రం పూర్తిగా ఇచ్చారు. మొత్తం 1,08,000 వచ్చింది. మిగతా 52,000 పత్తి అమ్మిన డబ్బులోంచి కట్టిన. మోసం అనడానికి లేదు, అది నిబంధనే. కానీ పాలసీ అమ్మేటప్పుడు ఆ ముక్క ఎవరూ చెప్పరు.

పాలసీ తీసుకునేవాళ్లు సమ్ ఇన్సూర్డ్ (పాలసీ మొత్తం) ఎంత అని మాత్రమే చూడకండి. రూము అద్దెకు హద్దు ఉందా, కో-పే (బిల్లులో మనం కట్టాల్సిన వాటా) ఉందా, ఫలానా ఆపరేషన్‌కు ఇంతే అని సబ్-లిమిట్ ఉందా, గ్లౌజులు సిరంజీలు లాంటివి ఇస్తారా, ఈ నాలుగూ చూడండి.

ధీమా_బీమా (మిర్యాలగూడ)
ఈ పోస్టులో ఒక్క మాట కూడా తప్పు లేదు. రూము హద్దు లేని పాలసీలు ఉన్నాయి, కొంచెం ఎక్కువ కట్టాలి. క్లెయిమ్ అన్యాయంగా కొట్టేస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే లేదా నచ్చకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విని తేల్చే అధికారి) ఆఫీసు ఉంది. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. కంపెనీ తుది జవాబు ఇచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. ఏజెంట్లు ఇది చెప్పరు, నేను చెప్తున్నా. డిశ్చార్జి రోజు గంటలు గంటలు కూర్చోబెడితే కూడా అడగండి. ఫైనల్ బిల్లు అందాక మూడు గంటల్లో క్యాష్‌లెస్ తేల్చాలన్నది 2024 నుంచి నియమం.

సూర్యాపేట_సిస్టర్ (సూర్యాపేట)
సర్కారు దవాఖానాలో స్టాఫ్ నర్సును. ఇంతసేపు అందరూ ఆపరేషన్ల గురించే రాశారు. గడియారం అన్నా, మీ నాయినగారికి ఇప్పుడున్నది షుగర్, బీపీ. ఆయనకు రేపు ఆపరేషన్ రాకుండా చూసేది ఈ రోజు వేసుకునే మాత్ర. దానికి ఇన్సూరెన్సూ లేదు, ఆరోగ్యశ్రీ కూడా లేదు. మీ ఊరి పల్లె దవాఖానాలో గానీ, పీహెచ్‌సీలో గానీ పేరు రాయిస్తే షుగర్, బీపీ మాత్రలు నెలనెలా ఫ్రీగా ఇస్తారు. రక్తపరీక్షల శాంపిల్ అక్కడే తీసుకుని జిల్లా డయాగ్నస్టిక్ హబ్‌కు పంపుతారు, రిపోర్టు ఫోనుకు వస్తుంది. దీనికి తెల్లకార్డు అడగరు. ఒక రకంగా మన దగ్గర నిజంగా అందరికీ ఉన్న వైద్యం ఇదొక్కటే. జనం మాత్రం ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుని, టౌన్లో ప్రైవేటు ల్యాబులో వెయ్యి రూపాయలు పెట్టి వస్తారు.

మా దగ్గర లోపాలు లేవా అంటే బోలెడున్నాయి. నల్లగొండకు, సూర్యాపేటకు 2019లో మెడికల్ కాలేజీలు వచ్చాక పెద్ద డాక్టర్లు పెరిగారు, మాట నిజం. కానీ రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు చూసే మంచాలు ఎన్నో రాస్తే మీరు నమ్మరు. ఒక్కోసారి మాత్రలు అయిపోతాయి, పది రోజులకు వస్తాయి. అప్పుడు రోగి బయట కొనుక్కుంటాడు, లేదా మానేస్తాడు. మానేసినవాడే రెండేళ్లకు కిడ్నీ పాడై డయాలసిస్‌కు వస్తాడు. డయాలసిస్ ఫ్రీ! మాత్రకు పైసలు లేవు, మిషనుకు ఉన్నాయి. నాకు మంట పుట్టేది ఇక్కడే.

లీడ్స్_నకిరేకల్ (ఇంగ్లండు)
సిస్టర్ చెప్పిందే ఇక్కడి జీపీ పద్ధతిలో అసలు బలం. షుగర్ ఉన్నవాళ్లకు ఇంగ్లండులో మందుల చీటీ చార్జీ కూడా ఉండదు, మాత్రలు వాడేవాళ్లయితే. ఏడాదికోసారి పాదాలు, కిడ్నీ, ఏడాదికో రెండేళ్లకో కళ్లు చూస్తామని వాళ్లే ఉత్తరం పంపుతారు. మనం అడగక్కర్లేదు. క్యూ గురించి తిట్టుకునేవాళ్లు కూడా దీని గురించి తిట్టరు.

గడియారం_సెంటర్ (నల్లగొండ)
అందరికీ థ్యాంక్స్. ఇన్ని విషయాలు వస్తాయనుకోలేదు. నేను అనుకుంటున్నది ఇది, తప్పయితే ఆపండి.

అమ్మానాయినలకు పెద్ద ఖర్చుకు ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కాబట్టి 50 వేల పాలసీ ఇప్పుడు తీసుకోను. మూడేళ్ల దాకా షుగర్‌కు సంబంధించినది ఇవ్వకపోవచ్చు, ఆయనకు వచ్చేదే అది. ఆ 50 వేలలో సగం నెలనెలా కొంత చొప్పున విడిగా బ్యాంకులో వేస్తా, టెస్టులకూ, కార్డు పనిచేయని రోజుకూ. నాయిన పేరు పల్లె దవాఖానాలో రాయిస్తా. ఏ కార్డూ లేనిది మాకు నలుగురికి. కాబట్టి పాలసీ మా నలుగురికే తీసుకుంటా, రూము హద్దు లేనిది. ఆరోగ్యంగా ఉన్నప్పుడే తక్కువకు వస్తుంది కదా.

ధీమా_బీమా (మిర్యాలగూడ)
నా కమీషన్ పోయింది కానీ లెక్క సరిగ్గానే ఉంది. ఒక్క సలహా. మీ నలుగురికి 5 లక్షల పాలసీ తీసుకుని, మీద సూపర్ టాప్-అప్ పెట్టుకో. 5 లక్షలు దాటిన ఖర్చు అది చూసుకుంటుంది, నేరుగా పెద్ద పాలసీ కంటే చాలా చవక.

హెల్ప్‌డెస్క్_అక్క (మహబూబ్‌నగర్)
అమ్మానాయినల ఆధార్‌లో, రేషన్ కార్డులో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా ఇప్పుడే చూసుకో. రాత్రి రెండింటికి ఎమర్జెన్సీలో తండ్రి పేరులో ఒక అక్షరం తేడా ఉందని అప్రూవల్ ఆగినవాళ్లను చూశాను. షాపు నీదే కదా, నువ్వే సరిచేయించొచ్చు. కేంద్రం 2024 అక్టోబరులో 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల ఆయుష్మాన్ పథకం పెట్టింది. ఇంట్లో నానమ్మ, తాతయ్య ఉంటే చూసుకోండి.

పోలేపల్లి_షిఫ్ట్ (జడ్చర్ల)
మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. జడ్చర్ల దగ్గర ఫార్మా కంపెనీలో పనిచేస్తున్నా. జీతం 19,000. ఈఎస్ఐ (ఉద్యోగులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద నెలకు 140 రూపాయల పైన కోస్తున్నారు. దవాఖానాకు ఒక్కసారి కూడా పోలేదు, దండగ అనిపిస్తుంది. ఇంక్రిమెంటు వస్తే 21 వేలు దాటి ఈఎస్ఐ పోతుందట. అప్పుడు హెచ్ఆర్ గ్రూపు ఇన్సూరెన్సు ఇస్తామంటున్నారు. అది మంచిదే కదా?

వనపర్తి_మాస్టారు (వనపర్తి)
దండగ అనకు నాయనా. నీ జీతంలో 0.75 శాతం, అంటే 142 రూపాయల 50 పైసలు నీది. కంపెనీ 3.25 శాతం, 617 రూపాయల 50 పైసలు కడుతోంది. అందుకు బదులు నీకూ, భార్యాపిల్లలకూ, నీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం. ఓపీ, మందులు కూడా అందులోనే. పాత జబ్బు ఉందా అని అడగరు, ఇన్ని లక్షల వరకే అన్న హద్దు లేదు. జబ్బు చేసి సెలవు పెడితే జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. పైన చెప్పిన జర్మనీ పద్ధతి మన దేశంలో ఉన్నదంటే ఇదే, 1948 చట్టంతో మొదలైంది. డిస్పెన్సరీలో మందులు దొరకవని, రిఫరల్ కోసం తిప్పుతారని గొడవలున్నాయి, అవి నిజమే. అయినా గ్రూపు ఇన్సూరెన్సు ఉద్యోగం ఉన్నన్నాళ్లే, అది కూడా అడ్మిట్ అయితేనే. అందులో తల్లిదండ్రులు ఉన్నారా అని హెచ్ఆర్‌ను రాతపూర్వకంగా అడుగు.

పోలేపల్లి_షిఫ్ట్ (జడ్చర్ల)
అమ్మకు మోకాళ్ల నొప్పులు సార్. ఇంక్రిమెంటు జనవరిలో వస్తుంది. జనవరి నుంచే ఈఎస్ఐ ఆగిపోతుందా?

వనపర్తి_మాస్టారు (వనపర్తి)
ఆగదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఒకటి, రెండు అర్ధసంవత్సరాల లెక్క. మధ్యలో జీతం హద్దు దాటినా మార్చి నెలాఖరు దాకా కోస్తూనే ఉండాలి. అక్టోబరు-మార్చిలో కట్టినదానికి ప్రయోజనాలు జూలై నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. అమ్మ పేరు నీ ఈ-పెహచాన్ కార్డులో (ఈఎస్ఐ గుర్తింపు కార్డు) చేర్చావా? చేర్చకపోతే ఈ వారమే చేర్చి డిస్పెన్సరీకి తీసుకెళ్లు. ఎముకల డాక్టరుకు రిఫరల్ వాళ్లే రాయాలి.

పోలేపల్లి_షిఫ్ట్ (జడ్చర్ల)
చేర్చలేదు సార్. నా పేరొక్కటే ఉంది. రేపు సెకండ్ షిఫ్టు, పొద్దున హెచ్ఆర్‌ను కలుస్తా.